మొరాయించిన చైన్ రంపం

మొన్న బాన్సువాడ వెళ్లినప్పుడు ఒక పనిముట్ల దుకాణంలో బ్యాటరీతో నడిచే చైన్ రంపం చూశాను. దుకాణదారు మీట నొక్కగానే అది బుద్ధిగా తిరగడం మొదలుపెట్టింది. నాకెందుకో కాస్త నిరాశ కలిగింది. యంత్రమన్నాక మనిషిని కాసేపైనా అవమానించాలి కదా.

మా ఇంట్లో ఉండేది పెట్రోలుది, తాడు లాగి నడిపించేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అన్నయ్య పిట్లంలో ఎవరి దగ్గరో పాతది కొనుక్కొచ్చాడు. ఏడాదికి రెండుసార్లు పనిచేసి, మిగతా కాలమంతా పశువుల కొట్టంలో మేకుకు వేలాడుతూ విశ్రాంతి తీసుకునేది.

ఒక యాసంగిలో, తెల్లవారుజామున వచ్చిన గాలిదుమారానికి మా గట్టు మీది పెద్ద తుమ్మచెట్టు వేళ్లతో సహా లేచి పిల్లకాలువకు అడ్డంగా పడుకుంది. ఆ రోజు నీళ్ల వంతు మాది, అదీ పొద్దుగూకేదాకానే. వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలిచ్చింది, మళ్లీ వంతు ఎనిమిది రోజులకు గాని రాదు, అప్పటికి వచ్చినా గడ్డి తడపడానికే పనికొస్తుంది. కోస్తా నుంచి ఈ కాలువ నీళ్లను చూసే వచ్చి స్థిరపడ్డవాళ్లం కనుక మా ఇంట్లో నీళ్ల మీద హాస్యాలాడే అలవాటు లేదు. ఆ నీళ్లే చెట్టు దగ్గర ఆగి, పక్క డొంకలోకి పొర్లిపోతున్నాయి. కూలీలు గొడ్డళ్లతో కొమ్మలు కొట్టేశారు గాని, పచ్చి మొద్దు మాత్రం వాళ్లను పట్టించుకోలేదు.

రంపాన్ని నాకు అప్పగించారు. రేడియో మూగబోయినా, గేదె మేత మానినా మా ఇంట్లో బీయస్సీ చదివినవాణ్ణే పిలిచేవారు. నేను ఇంజన్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ఆ బొమ్మ ఎన్నడూ మొరాయించలేదు. ప్లగ్గు విప్పి చూశాను, నీలంగా నిప్పురవ్వ వస్తోంది. పెట్రోలూ అందుతోంది. గాలి వడపోసే జల్లెడ దులిపాను. తాడు లాగిన ప్రతిసారీ అది మర్యాదగా ఒక దగ్గు దగ్గి ఊరుకునేది. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ ఇదంతా చూస్తూ, ఎన్నడూ లేనిది, ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

పదకొండయ్యేసరికి అన్నయ్య స్కూటరు మీద బాన్సువాడ వెళ్లి, పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కును తీసుకొచ్చాడు. ఆయన్ని ఊళ్లో అందరూ భాయ్ అనేవారు.

"ఎన్నిసార్లు గుంజిండ్రు సార్?" అని అడిగాడు.

నలభై దాకా ఉంటుందన్నాను.

"గిన్నిసార్లు గుంజితే బాయిల నీళ్లు ఇంటికొస్తుండె."

నేను చూసినవన్నీ ఆయన మళ్లీ చూశాడు. తర్వాత రంపాన్ని తిప్పి, పొగ వచ్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టి నన్ను తాడు లాగమన్నాడు. "నిప్పుంది, పెట్రోలుంది, ఊపిరే వస్తలేదు. ఇగ పొగ యాడికెళ్లి పోవాలె?" అంటూ వంగి చూశాడు. సైలెన్సర్ మూతి నిండా మట్టి, నున్నగా మెత్తినట్టు. కందిరీగ గూడు. ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"ఆగు నాయనా, పొడవకు!" అంది నాయనమ్మ.

అన్నయ్య వెనక్కి తిరిగాడు. "నీకు ముందే తెలుసా? చెప్పొచ్చుగా!"

"చెబితే పొడిచేస్తారు గదరా."

కందిరీగ గూడు కట్టిన ఇంట్లో బిడ్డ పుడుతుందని మావాళ్ల నమ్మకం. అన్నయ్యకు పెళ్లై అప్పటికి ఏడేళ్లు. గుమ్మంలో నిలబడ్డ వదిన, ఎవరి వైపూ చూడకుండా, "నీళ్లు పోతున్నాయి, పొడిచెయ్యమనండి" అంది. ఎవరూ కదల్లేదు. పొద్దు గురించి అందరికీ తెలుసు, అయినా కదల్లేదు.

చివరికి భాయ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి పానా అడిగాడు. "ఫికర్ చెయ్యకు అవ్వా. గీ డబ్బ మొత్తం ఇప్పి నీ చేతుల పెడ్తా. మిషన్ జర లొల్లి చేస్తది, గంతే."

రెండు బోల్టులు విప్పి, గూడుతో సహా సైలెన్సర్‌ను నాయనమ్మ ఒళ్లో పెట్టాడు. మూడో గుంజుకే రంపం లేచింది. జర లొల్లి అన్నది ఆయన వినయం, ఆ మోతకు రెండు గేదెలు పలుపులు తెంపుకున్నాయి. మొద్దు మూడు ముక్కలైంది. కూలీలు ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా గట్టు మీదికి దొర్లించేసరికి పొద్దు వాలింది, గంట పొద్దుండగా నీళ్లు మా మడిలోకి దిగాయి. నెర్రెలు నీళ్లు తాగే చప్పుడు వినాలనుకున్నాను గాని, రంపం పుణ్యమా అని మర్నాటిదాకా నాకేమీ వినపడలేదు.

వదినకు పిల్లలు పుట్టారా అని మీరు అడుగుతారని తెలుసు. పుట్టలేదు. కొన్నాళ్లకు గూటికి చిన్న కన్నం పడింది, అందులోని పురుగు తన దారిన తాను ఎగిరిపోయింది. ఆ మధ్యాహ్నం వదిన సైలెన్సర్‌ను కడిగి, ఎండబెట్టి, పానా తెచ్చుకుని తానే బిగించింది. సాయం చేస్తామని మేమెవరమూ అనలేదు.

ఇప్పుడు ఇంటింటికీ బోరు ఉంది, నీళ్ల వంతు కోసం పొద్దు వైపు చూసేవాళ్లు లేరు. అంత మట్టి ఇప్పుడు కనబడితే నేనే పుల్ల పెట్టి అర నిమిషంలో తీసేస్తాను. ఎవరినీ అడగను. అడగాలని తోచదు కూడా.