సగం తెలిసిన గూగెల్‌హుప్ఫ్

ధర్మవరంలో పంతులమ్మగా ఉన్న మా చెల్లెలు పద్మ కేకు గిన్నె ఒకటి కొంది. నడుమ గొట్టం, చుట్టూ మడతలు. అట్టపెట్టె మీద పేరు ‘గూగెల్‌హుప్ఫ్’. జర్మన్ మాటట. వెంటనే నాకు ఫోన్ చేసింది.

“ఏమక్కా, బడి గడప తొక్కకుండానే నా తప్పులు దిద్దుతావే! ఈ పేరు ఎట్ల పుట్టిందో చెప్పు చూద్దాం. చెప్తే నీతో పెనుకొండ ఆంజనేయస్వామి గుడికొచ్చి పదకొండు ప్రదక్షిణలు చేస్తా. చెప్పలేదంటే ఇంక నా తప్పుల జోలికి రావద్దు.”

నాయన ఇంట్లో నేర్పిన అక్షరాల పుణ్యమా అని, తప్పు కనబడితే నేను ఊరుకోలేను. పద్మేమో గుడి మెట్టెక్కి ఏళ్లయింది. సరేనన్నాను. రెండు రోజులు ఫోన్లో నిఘంటువులు తిరగేశాను.

ఆదివారం పొద్దున ఏడుంబావుకు హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ముప్పై రూపాయలు. దేవుడి దయవల్ల కిటికీ సీటు దొరికింది. ఎదురుగా టోపీల మూటతో పెనుకొండకు పోతున్న ఒక పెద్ద సాయిబు. గిన్నె ఫొటో చూపించి, ఇదేమిటో చెప్పమన్నాను.

“కుల్లాయి కదమ్మా! నడిమధ్యన బొక్క గాలి ఆడేదానికి పెట్టిండారు.”

నవ్వాపుకోలేకపోయాను. ‘గూగెల్’ అంటే పాత జర్మన్‌లో తలముసుగే, లాటిన్ నుంచి వచ్చిందట. ఆ మాటే చెబితే, “యాభై ఏండ్లుగా ఇవే అమ్ముతాండా, నాకు తెలీదా?” అంటూ పెనుకొండలో దిగిపోయాడు.

తొమ్మిదింటికి ధర్మవరం. పద్మ ఉగ్గాని, బజ్జీ పెట్టి, నేను తింటుండగానే పరీక్ష మొదలుపెట్టింది.

“గూగెల్ అంటే కుల్లాయి” అన్నాను.

“మరి హుప్ఫ్?”

పిండి పులియబెట్టే ఈస్టు అని కొందరంటారు, ఎగరడమని కొందరు. ఏదో ఒకటి గట్టిగా చెప్పేస్తే గెలుస్తాను. కానీ అబద్ధమాడి గెలిచి స్వామికి ఏ ముఖం చూపించను?

“పండితులకే తేలలేదు పద్మా” అన్నాను.

తనే ఫోన్ తీసి చాలాసేపు వెతికింది. “నిజమేలే. కానీ మా బడిలో సగం జవాబుకు సగం మార్కులే. ఐదున్నర ప్రదక్షిణలు చేస్తా. నువ్వు గూడా నా తప్పుల్లో సగమే దిద్దు.”

సాయంత్రం బండికి ఇద్దరం పెనుకొండలో దిగి, ఆటోలో గుడికి వెళ్లాం. పద్మ పద్ధతిగా ఐదు చుట్లు తిరిగింది. ఆరో చుట్టులో సరిగ్గా గర్భగుడి వెనకాల ఆగి, “అయిపాయె” అంది.

చెప్పులేమో ముందు వాకిట్లో ఉన్నాయి.

“వెనక్కి తిరిగితే అప్రదక్షిణం, పాపం” అన్నాను మెల్లగా.

పద్మ అటూ ఇటూ చూసింది. “చెప్పుల కోసరం పోతాండా, మీ స్వామి కోసరం గాదు!” అంటూ ముందుకే నడిచింది. ఆరూ పూర్తయ్యాయి.

తనని ధర్మవరం బస్సెక్కించి, నేను హిందూపురం బస్సెక్కాను. పదకొండు అడిగితే ఆరైనా ఇప్పించిన స్వామికి దారంతా దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నాను. మొండి చెల్లెళ్లను తీసుకుని ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చెప్పులు ముందు వాకిట్లోనే విడిపించండి.