ఆనేకల్‌లో మగ్గం కింద చూసిన తప్పు

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. వెతికినవి రాసి పంపగలను, నలుగురిలో నోరు తెరిచి చెప్పలేను. మా ఊళ్లో నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అని మెచ్చుకునేవారు. అది మెప్పు కాదని ఉద్యోగానికి బెంగళూరు మారతహళ్ళి వచ్చాక తెలిసింది. పోయిన శుక్రవారం మా మేనేజర్ మేడమ్ పిలిచి, ఇకపై మీటింగుల్లో టీమ్ తరఫున నన్నే మాట్లాడమన్నారు. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. "నా వల్ల కాదు మేడమ్" అని మెయిల్ రాసుకున్నాను, పంపలేదు. గదిలోనే ఉంటే పంపేస్తానని భయమేసి, ఎన్నాళ్లనుంచో చూడాలనుకుంటున్న పట్టు మగ్గాల కోసం శనివారం ఆనేకల్ బయల్దేరాను.

ఏడున్నరకు మారతహళ్ళిలో సిల్క్ బోర్డు వైపు వెళ్లే బస్సెక్కాను. అక్కడ దిగి, ఎలక్ట్రానిక్ సిటీ, చందాపుర మీదుగా పోయే ఆనేకల్ బస్సు పట్టుకుంటే చాలు. బస్సు టికెట్లన్నీ రానూపోనూ నూట యాభైలోపే. పదింటికి దిగి, మగ్గాలు ఎక్కడున్నాయని ఆటో అతన్ని వచ్చీరాని కన్నడంలో అడిగాను.

"తెలుగులోనే చెప్పమ్మా, ఈడ శానా మందిమి మనోళ్లమే. నలభై ఇయ్యి, నేతోళ్ల బీదిలో దింపుతా," అన్నాడు.

అతను దింపింది మునివెంకటప్ప గారి ఇంటి ముందు. అరవై దాటిన నేతగాడు. చూసి పోతానంటే కాదనలేదు. పట్టుచీరకు మంచివైపు కిందికి ఉండేలా నేస్తారాయన. నేసేవారికి కనిపించేది వెనకవైపే. నేను నేలమీద చాపేసుకుని కూర్చున్నాను కాబట్టి మంచివైపు నా కళ్లెదుటే ఉంది. అంచులో మామిడి పిందెలు వరసగా వస్తున్నాయి. వాటిలో చివరి రెండింటి మెడ దగ్గర సన్నని చీలిక ఉంది, ముందువాటికి లేదు.

చూశాను. చెప్పలేదు. నలభై ఏళ్లుగా నేస్తున్న మనిషికి నేను చెప్పేదేమిటి? అది కొత్త రకం పిందేమోనని సర్దిచెప్పుకున్నాను. ఆయన భార్య ఇచ్చిన కాఫీ తాగాను, ఫోటోలు తీశాను, మరో గంట కూర్చుని సెలవు తీసుకున్నాను. వీధి చివరికి వచ్చాక ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ప్రతి కొత్త పిందెకూ అదే చోట చీలిక. ఇక అడుగు ముందుకు పడలేదు. వెనక్కి వెళ్లి, గుమ్మంలోంచే చెప్పాను.

ఆయన మగ్గం ఆపి, వంగి కిందికి చూశారు. తర్వాత పైన వేలాడే డిజైను అట్టల దండ దగ్గరికి వెళ్లారు. ఏ పోగు ఎప్పుడు లేవాలో ఆ అట్టల చిల్లులే చెబుతాయి. పొద్దున తాడు తెగితే మళ్లీ కుట్టినప్పుడు ఒక అట్ట తిరగబడిందట.

"ఎప్పుడు చూస్తివమ్మా?"

"కాఫీకి ముందే తాతా. మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను."

"నాకు కనిపించేది ఈపక్క. ఆపక్క చూస్తా ఉండింది నువ్వు. నువ్వు గమ్మునుంటివి, నేను బెత్తెడు నేస్తిని."

కోప్పడలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. అట్ట సరిచేసి, నేసిందంతా ఒక్కొక్క పోగే వెనక్కి తీయడానికి మధ్యాహ్నం రెండు దాటింది. మళ్లీ నేయడం మొదలుపెట్టాక నన్ను చాపమీద కూర్చోబెట్టి, "చూసి చెప్పుమ్మా, సరిగా ఉండాదా?" అని అడిగారు. నా మాట కోసం ఒక మనిషి చెయ్యి ఆపుకుని ఎదురుచూడటం అదే మొదటిసారి. "బాగుంది తాతా, నేయండి," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

మూడున్నర బస్సులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఇన్నేళ్లూ నా మౌనాన్ని అణకువ అనుకున్నాను. నన్ను నేను తక్కువ చేసుకుంటే నష్టం నాకొక్కదానికే అనుకున్నాను. ఎదుటివాళ్ల పనికీ నష్టమేనని ఆ బెత్తెడు గుడ్డ చూపించింది. భయం పోయిందని చెప్పను. చందాపుర దాటాక రాసుకున్న మెయిల్ తీసేసి, మేడమ్‌కు ఫోన్ చేశాను. మెసేజ్ పెట్టలేదు, ఫోనే చేశాను.

మగ్గాలు చూడాలనుకుంటే ఉదయం పదిలోపే వెళ్లండి, అడిగి నేలమీద కూర్చోండి. తేడా ఏదైనా కనిపిస్తే కాఫీ వచ్చేదాకా ఆగకండి.