కాటా గది నుంచి ఒక అర్జీ

ఆ రోజుల్లో ఎవరైనా ‘కుదరదు’ అంటే చాలు, నాకు చెవులు వేడెక్కేవి. (ఇప్పుడూ వేడెక్కుతాయి. కాకపోతే ముందు గ్లాసెడు మంచినీళ్ళు తాగుతున్నాను.) నరసరావుపేటలో కంప్యూటర్ డిగ్రీ చదివి, పిడుగురాళ్ళలో ఒక సున్నపు బట్టీలో ఉద్యోగానికి చేరాను. కాటా గదిలో కూర్చుని లారీల తూకం చూసి చీటీ ఇవ్వడం నా పని. అప్పటిదాకా ఆ కుర్చీలో ఉన్న గుమాస్తా తాతయ్య అన్నీ చేత్తో రాసేవాడు. నేను చేరిన నెలకే ఓనరు బాబాయితో వాదించి, ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించాను. "దేశదేశాల వాళ్ళు కలిసి రాసింది బాబాయ్, తప్పు పోదు. నాదే పూచీ" అన్నాను. సున్నం ఎత్తుకుపోయే రెండు లారీలతో సరిచూసుకుని, నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

సోమవారం క్వారీ నుంచి రాయి తెచ్చిన మొదటి లారీతోనే నా పరువు పోయింది. ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో లారీ ముందు ఖాళీగా వస్తుంది, తర్వాత నిండుతుంది. రాయి లారీ నిండుగా వచ్చి ఖాళీగా పోతుంది. చీటీ మీద మైనస్ పద్దెనిమిది టన్నులని పడింది. ఆ డ్రైవర్ని అందరూ హారన్ మామ అంటారు (గేటు బార్లా తెరిచి ఉన్నా హారన్ కొడతాడు). "ఏందమ్మాయ్ ఇది? నేను రాయి తెచ్చినానా, మీ బట్టీనే ఎత్తకపోతన్నానా?" అని ఆ చీటీ పట్టుకుని ఆవరణంతా తిరిగి చూపించాడు. గుమాస్తా తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ "నేను ముందే చెప్పలా?" అన్నాడు. ఓనరు బాబాయి మాత్రం నవ్వలేదు. "శనివారం దాకా చూస్తా. సరిగాకపోతే పాత పుస్తకం, పాత గుమాస్తా. నువ్వు ఇంటికి పో."

"నేనే మారుస్తా బాబాయ్!"

"నువ్వే మార్చి నువ్వే తూకమేస్తే డ్రైవర్లు నమ్ముతారా? దాన్ని రాసినోళ్ళు ఒప్పుకోవాల." అది సబబైన మాటే. ఆ కోపంలో నాకు అలా అనిపించలేదు, అంతే.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు లోపాలు చెప్పుకునే పేజీ ఒకటి ఉంది. అక్కడ ఎలా రాయాలో నియమాలూ ఉన్నాయి. నేను చదివితేగా! నాకు తెలిసిందల్లా కలెక్టరాఫీసు అర్జీ. ‘మహారాజశ్రీ అధికారి గారి దివ్యసముఖమునకు’ అన్న ధోరణిలోనే ఇంగ్లీషులో మొదలుపెట్టి, ‘దయతో విచారించి తగు చర్య తీసుకోవలసినదిగా ప్రార్థన’ అని ముగించాను. మర్నాటికీ జవాబు లేదు. హారన్ మామ టీ తాగుతూ విని, "ఒక్కదాని అర్జీ ఎవడు జూస్తాడే? సోమవారం అర్జీల రోజున కలెక్టర్ దగ్గరికి పోతే ఊరంతా పోవాల. సంతకాలు పెట్టించు" అన్నాడు. నాకది దివ్యంగా తోచింది. టీ కొట్టు దగ్గర కూర్చుని పంతొమ్మిది మంది డ్రైవర్లకు అక్కడ ఖాతాలు తెరిపించాను. అందరూ వరసగా ‘ఈ అర్జీని బలపరుస్తున్నాను’ అని పెట్టారు. ఒకాయన లారీ ముందు నిలబడి దిగిన ఫోటో పెట్టాడు. ఇంకొకాయన పనిలో పనిగా దాచేపల్లి రోడ్డు మీద గుంతల సంగతి కూడా రాశాడు.

బుధవారం పొద్దున, ఇంకెవరూ ఏమీ రాయకుండా మా అర్జీకి తాళం పడింది. సాఫ్ట్‌వేర్ చూసుకునే పెద్దమనిషి (ఆ రోజు నుంచీ మాకు తాళాలాయన) రెండే ముక్కలు రాశాడు: ‘ఇలా గుంపుగా రాయడం నిషిద్ధం. లారీ ముందు ఖాళీగా రావడమే పద్ధతి.’

పద్ధతా! పల్నాడు వచ్చి మాకు పద్ధతి చెబుతాడా? ఒళ్ళు మండి, అప్పుడు చదివాను నియమాలన్నీ. ‘మార్పు కావాలంటే కోడ్ నకలు తీసుకుని, మీరే సరిచేసి, పరీక్షించి పంపండి’ అని మొదట్లోనే ఉంది. రెండు రోజులు వృథా చేసినందుకు నన్ను నేనే తిట్టుకుని కూర్చున్నాను. లారీ నిండుగా వచ్చినా ఖాళీగా వచ్చినా పెద్ద తూకంలోంచి చిన్నది తీసేయాలి. సరుకు లోపలికొచ్చిందా, బయటికి పోయిందా అన్నది చీటీ మీద పడాలి. ఇంతే. హారన్ మామ మనసు కరిగి, నిండు లారీ, ఖాళీ లారీ మార్చి మార్చి కాటా ఎక్కించి పెట్టాడు. ఆ తూకాలన్నీ రుజువుగా జోడించాను. అక్కడితో ఆగానా? బటన్లకు పసుపు రంగు వేశాను, చీటీ నెత్తిన మా బట్టీ పేరు పెట్టాను, కొత్త పుస్తకానికి రాసినట్టు ఫైలు పైన ‘శ్రీ’ అని రాశాను.

తాళాలాయన శుక్రవారం తిప్పికొట్టాడు. ‘ఒకసారికి ఒకే మార్పు. రంగు తీసేయండి. పేరు తీసేయండి. మొదటి వరుసలో ఆ గుర్తు ఏం పని చేస్తుంది?’ రంగు తీసేశాను. పేరు తీసేశాను. శ్రీ మాత్రం తీయలేదు. అది కంప్యూటర్ చదవకుండా దాటిపోయే వరుసే. ‘అది ఏ పనీ చేయదు. అది లేకుండా మా ఊళ్ళో ఏ పనీ మొదలవదు’ అని రాసి పంపేశాను. ఒక్క అక్షరం కోసం కుర్చీ పోగొట్టుకుంటానా అని భయం. అయినా తీయబుద్ధి కాలేదు.

శనివారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే, తాళాలాయన ఒప్పుకుని, నా మార్పుని శ్రీతో సహా సాఫ్ట్‌వేర్‌లో కలిపేశాడు. ‘మీ రుజువులు బాగున్నాయి. పద్ధతి విషయంలో నాదే పొరపాటు’ అని కూడా రాశాడు. అది ఓనరు బాబాయికి రెండుసార్లు చదివి వినిపించాను. హారన్ మామ లారీ కాటా ఎక్కి దిగింది. పద్దెనిమిది టన్నులు, లోపలికి. గుమాస్తా తాతయ్య ఆ చీటీని వెలుతురుకి పట్టి చూసి, "సరిగానే ఉందిలే" అని, నా కుర్చీ మీద పెట్టుకున్న తన తువ్వాలు తీసుకుపోయాడు.

ఇన్నేళ్ళ తర్వాత మొన్న ఎవరో కొత్తాయన ఆ సాఫ్ట్‌వేర్‌ని శుభ్రం చేస్తూ, మొదటి వరుస పనికిరానిదని కొట్టేసి పంపాడు. చెవులు వేడెక్కాయి. పోట్లాటకు సిద్ధమై, మంచినీళ్ళు కూడా తాగకుండా పేజీ తెరిచాను. అప్పటికే కింద తాళాలాయన జవాబు ఉంది: ‘దాన్ని ముట్టుకోవద్దు. అది లేకుండా పని మొదలవదు.’ ఒక్క అక్షరం కోసం కాటా గదిలో భయపడుతూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. ఆ జవాబు కింద, చాలాకాలం తర్వాత మళ్ళీ ‘ఈ అర్జీని బలపరుస్తున్నాను’ అని పెట్టి, కంప్యూటర్ మూసేశాను.