మాసయ్య పడవ, గుత్తేదారు మోటారు

మాసయ్య పెళ్లాన్ని కావాలనే కృష్ణలో ముంచాడని గద్వాలలో బావి దగ్గర చెప్పుకుంటున్నారు. రెండో పెళ్లి మీద మోజట! ఈ మాట పుట్టించినవాళ్లకు రేవు ఎటుందో కూడా తెలియదు. ఆ రోజు నేను గట్టు మీదే ఉన్నాను. ఏటి అవతల వీపనగండ్లలో మా ఆడబిడ్డకు ఒంట్లో బాగాలేదంటే బయలుదేరాను. చూసింది చెబుతాను.

మాసయ్యది తాతలనాటి నుంచి పడవ నడిపే ఇల్లు. జర్మనీ యుద్ధం ముగిసిన ఏడు, రేవు గుత్తకు పాడుకున్న బాలకిష్టయ్య హైదరాబాదు నుంచి మోటారు తెచ్చాడు. పడవ వెనక పలకకు తగిలించేది. తగిలిస్తే ఏముంది, పలక ఎత్తు, నీళ్లలోకి దిగే మోటారు కాలు పొట్టి. దాని కొసన పడవను నెట్టే రెక్కలు నీళ్లకు అందక గాలిలోనే గిరగిర తిరిగాయి.

"పలక జానెడు కోసెయ్‌రా. లేకుంటే రేవు ఇంకొకనికిస్త" అన్నాడు బాలకిష్టయ్య.

కొత్త పడవను ఏట్లోకి దించేనాడు గంగమ్మ పేరున పసుపు పూసేది ఆ పలకకే. పూసినాక దానికి రంపం తగిలితే ఇంటికి కీడని వాళ్ల పట్టింపు. మాసయ్యకు రేవూ పోకూడదు, పలకా తెగకూడదు. వెనక రాళ్లు పేర్చి పడవనే కిందికి వంచాడు. ఇంకా కాస్త అందలేదు. పెళ్లాన్ని పిలిచాడు.

జములమ్మ భారీ మనిషి. "నా లావును ఎక్కిరిస్తుంటివి గద! ఇయ్యాల పనికొచ్చిందా?" అంటూ రాళ్ల నడుమ చతికిలబడింది.

"ముందలికి జరగకే, రెక్కలు పైకి లేస్తయి."

గట్టు మీద అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

రెక్కలకు నీళ్లు అందాయి. పడవ ఉరికింది. నడి ఏట్లో మోటారు టక్కున ఆగింది. పడవ ఆగింది గానీ దాని వెనక తరుముకొస్తున్న అల ఆగలేదు. వంగిన పలక మీదుగా లోపలికి దూకింది. పడవ వెనక నుంచి మునిగింది. రాళ్లు దొర్లి జములమ్మ కాళ్ల మీద పడ్డాయి. మాసయ్య మునిగి మునిగి లాగాడు, రాలేదు.

"మోటారు తీయండిరా ముందు!" అని గట్టు మీద బాలకిష్టయ్య ఒకటే కేకలు.

మర్నాడే రేవు ఇంకొకరికి ఇచ్చాడు. మాసయ్య ఇప్పుడు మా వాడలో కట్టెలు కొడుతున్నాడు. నాకు మనసాగలేదు, నిన్న అడిగేశాను.

"ఊరంతా గిట్లంటుండ్రు మాసయ్యా. వెనక గంత వంగితే నీళ్లొస్తయని నీకు తెల్వదా?"

గొడ్డలి ఆపాడు.

"ఎరికే పెద్దమ్మా. గందుకే దాన్ని కూసోబెట్టిన. నీళ్లొచ్చే కాడ పరాయోళ్ల ఆడదాన్ని ఎట్ల కూసోబెడత?"