గార్డుబాబు ఇంట్లో టీవీ గేమ్

1993 నాటికి ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో మా ఎలక్ట్రానిక్స్ దుకాణానికి ఆరేళ్ళు. టీవీలు, టేప్‌రికార్డర్లు, మిక్సీలు అమ్మేవాళ్ళం. రిపేర్లు నేనే చేసేవాడిని. అప్పుడప్పుడే టీవీ గేములు కూడా తెచ్చి పెట్టాం. టీవీకి తగిలించి ఆడే చిన్న పెట్టె అది. ఆట ఉండే ప్లాస్టిక్ బిళ్ళను క్యాసెట్ అనేవారు, చేత్తో పట్టుకుని నొక్కేదాన్ని కంట్రోల్ అనేవారు.

కౌంటర్ మీద ఒక రిజిస్టర్ ఉండేది. అది నా భార్య ఆలోచన. వస్తువు కొన్నవాళ్ళు నెల వాడాక వచ్చి అందులో నిజం రాయాలి, కొనబోయేవాళ్ళు అది చదువుకోవాలి. చాలామంది 'బాగుంది' అని రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ పని సరిగ్గా చేసింది ఒక్కరే. ఆయన పేరు డేనియల్. గూడ్స్ రైళ్ళ మీద గార్డు. ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే రైల్వే పేటలో ఒక క్వార్టర్లో ఆయన, భార్య సారమ్మ గారు ఇద్దరే ఉండేవారు. ఊరంతా ఆయన్ని గార్డుబాబు అనేది.

గార్డులు ప్రయాణంలో ఒక జర్నల్ రాస్తారు. ఏ స్టేషన్‌కు ఎన్నింటికి చేరింది, ఎందుకు ఆగింది, ఎన్నింటికి కదిలింది, అన్నీ. గార్డుబాబు మా రిజిస్టర్ కూడా అలాగే రాసేవారు. ముందు టైము, తర్వాత మాట, చివర కొనవచ్చు అనో కొనవద్దు అనో. '17.20. మిక్సీ. చప్పుడు షంటింగ్ ఇంజనుది. పచ్చడి మెత్తగా వచ్చింది. కొనవచ్చు.' '18.05. ఇస్త్రీపెట్టె. వేడెక్కడానికి లేటు. వేడెక్కాక ఆగదు. రెండు చొక్కాలు పోయినవి. కొనవద్దు.'

ఆ ఇస్త్రీపెట్టెలు ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి. "గార్డుబాబూ, ఆ ఆఖరి ముక్క ఒక్కటీ కొట్టీండి," అని బతిమాలాను.

"జర్నల్లో కొట్టివేతలుండవు సూర్యం. ఇస్త్రీపెట్టె మార్చు, రాత అదే మారతాది," అన్నారు.

కొనడానికి వచ్చే బెంగాలీలు కూడా ముందు అడిగేది "గార్డుబాబు కీ లిఖేఛేన్?" అనే. గార్డుబాబు ఏం రాశారు అని. ఆ తెలుగు నేనే చదివి చెప్పాల్సి వచ్చేది. ఇస్త్రీపెట్టె దగ్గర గొంతు తగ్గించేవాడిని.

టీవీ గేమ్ ఆయన కొన్నది సారమ్మ గారి కోసం. డ్యూటీకి వెళితే రెండేసి రోజులు ఇంటికి రారు. "పిల్లల ఆట నాకేటి, నవ్విపోతారు," అని ఆవిడ షాపులోనే గొణిగింది. నెల తర్వాత ఆయన వచ్చి రాశారు: '16.30. టీవీ గేమ్. ఇంట్లో ఒక్కరే ఉండేవారికి మంచిది. అన్నం రెండుసార్లు మాడినది. కొనవచ్చు.'

ఒక చిన్న మనిషి కుడివైపు పరిగెడుతూ గోతులు దాటే ఆట అది. మూడో గొయ్యి పెద్దది. సారమ్మ గారు అక్కడికి వచ్చేసరికి బొమ్మను ఆపి, చెయ్యి చీరకు తుడుచుకుని, అప్పుడు దూకించేవారట. అయినా బొమ్మ పడిపోయేదట. గార్డుబాబు నవ్వుతూ చెప్పేవారు.

ఆ ఏడాది వానల్లో ఒక మధ్యాహ్నం ఆయన షాపుకు వచ్చారు. గడ్డం పెరిగి ఉంది. సారమ్మ గారు పోయిన సంగతి నాకు అప్పటికి తెలియదు.

"సూర్యం, ఒక మాట సెప్పు. టీవీ గేమ్ దానంతటది ఆడతాదా?"

"ఆడకేటి!" నవ్వేశాను. "దెయ్యమేటీ కాదు గార్డుబాబూ. దాన్ని డెమో అంటారు. కంట్రోల్ ముట్టుకోకుండా ఒదిలేస్తే కాసేపటికి బొమ్మ దానంతటదే పరిగెడతాది. కొనేవోళ్ళకి సూపించడానికి కంపెనీవోడే అలా పెట్టినాడు. రండి, సూపిస్తాను."

షాపులో ఉన్న సెట్‌లో అదే క్యాసెట్ పెట్టి వదిలేశాను. బొమ్మ పరిగెత్తి మొదటి గొయ్యి, రెండోది, మూడోది కూడా దాటింది. తర్వాత ఆట పేరు వచ్చింది. మళ్ళీ మొదలు. ఆయన నిలబడే మూడుసార్లు చూశారు.

"ఇది దాటేస్తంది," అన్నారు. "మాది దాటదు."

అప్పుడు చెప్పారు. పదకొండు రోజుల కిందట డ్యూటీ దిగి ఇంటికొచ్చారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల టీవీ నడుస్తోంది. బొమ్మ పరిగెడుతోంది. ఆవిడ వంటింట్లో ఉందనుకుని బూట్లు విప్పి కుర్చీలో కూర్చున్నారు. బొమ్మ మూడో గొయ్యి దగ్గరకు వచ్చి ఆగింది. ఆగి, దూకి, పడింది. 'ఇంకా నేర్సుకోలేదేటే,' అని వంటింటి వైపు ఓ కేక కూడా వేశారట. పక్క క్వార్టరు వాళ్ళు రైల్వే ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి చెప్పేదాకా ఆయన అలాగే కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆ టీవీ ముందే పడిపోయింది. వాళ్ళు తీసుకెళ్ళారు గానీ లాభం లేకపోయింది. గేమ్ ఎవరూ ఆపలేదు.

"ఇంకా నడుస్తందా?"

"నానెలా ఆపుతాను?"

పదకొండు రోజులు. మా బజారులో రోజూ కరెంటు పోయేది, క్వార్టర్లలో రైల్వే కరెంటు పోదు. నాకు వెంటనే గుర్తొచ్చింది అడాప్టర్. గోడ కరెంటును తగ్గించి పెట్టెకు ఇచ్చే నల్ల డబ్బా అది. నాలుగు గంటలు నడిస్తేనే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. షాపు మూసి ఆయన వెంట సైకిలు మీద బయలుదేరాను.

ముందుగదిలో కుర్చీ టీవీకి ఎదురుగా ఉంది. నేల మీద కంట్రోల్ ఎక్కడ పడిందో అక్కడే ఉంది. అడాప్టర్ వెనక గోడ సున్నం గోధుమరంగుకు తిరిగింది. కాలిన ప్లాస్టిక్ వాసన. టీవీ శబ్దం తగ్గించి ఉంది. బొమ్మ మొదటి గొయ్యి దాటింది. రెండోది దాటింది. మూడోదాని ముందు ఆగింది.

షాపులో అది ఆగలేదు. నా గడియారం చూసుకున్నాను. నాలుగు సెకన్లు. తర్వాత దూకి పడిపోయింది. ఇంకో నాలుగుసార్లు చూశాను. ప్రతిసారీ అంతే.

"నిమిసానికోసారి పడిపోతంది సూర్యం," అన్నారు గార్డుబాబు. "సాయం సేద్దామని కంట్రోల్ నొక్కితే బొమ్మే మాయమైపోతంది."

అది నిజమే. డెమోలో ఏ బటన్ నొక్కినా ఆట పేరుకు వెళ్ళిపోతుంది.

"ఆపితే ఎటు పోతాదో తెలీదు. ఆపకపోతే పడతానే ఉంటాది. పాస్టరుగారిని అడుగుదునా, ఆయనకి టీవీ గేమ్ తెలీదు. అమ్మినోడివి నువ్వు. నువ్వు సెప్పు."

"ఆపాల గార్డుబాబూ," అన్నాను. "ఇల్లు కాలిపోతాది. గోడ సూడండి."

ఆయన గోడను చూశారు. నేను ప్లగ్గు దగ్గరకు వెళ్ళి చెయ్యి వేయబోయాను.

"ఆగు!" ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పడతన్నప్పుడు తియ్యకు. గార్డు సిగ్నలివ్వకండా బండి కదల్దు. నాను సెయ్యి దించినప్పుడు తియ్యి."

ఆయన టీవీకి ఎదురుగా నిటారుగా నిలబడి కుడిచెయ్యి పైకెత్తారు. బొమ్మ పడింది. పేరు వచ్చింది. మళ్ళీ పరుగు. మూడో గొయ్యి ముందు ఆగింది, ఆయన చెయ్యి దించలేదు. మళ్ళీ పడింది. అలా ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. జేబురుమాలు చుట్టి ప్లగ్గు పట్టుకున్నా వేలు కాలుతోంది. ఆయన్ని తొందరపెట్టలేదు.

ఒకసారి బొమ్మ ఆగింది. ఆయన చెయ్యి దించారు. లాగేశాను.

తెర మీద తెల్లటి నూకలు నిండాయి. టీవీ ఆయనే కట్టేశారు. "గోతికి ఇవతలే ఉంది కదా?" అని అడిగారు. ఉందన్నాను.

పెట్టెను షాపుకు తెచ్చి, కొత్త అడాప్టర్‌తో, ఆయన క్యాసెట్‌తోనే నడిపి చూశాను. బొమ్మ మూడో గొయ్యి ముందు ఆగలేదు. దాటింది. మూసే వేళదాకా చూశాను, ప్రతిసారీ దాటింది. నా దగ్గర ఒక వివరణ ఉంది. వేడికి అడాప్టర్ కరెంటు సరిగా ఇవ్వక, డెమోలో ముందే రాసిపెట్టిన అడుగులు, గెంతులు కొంచెం పక్కకు జరిగి ఉంటాయి. పడటానికి ఆ వివరణ సరిపోతుంది. ఆగడానికి సరిపోదు. పాత అడాప్టర్ పెట్టి చూద్దామంటే అప్పటికే అది చచ్చిపోయింది.

రెండు వారాలకు గార్డుబాబు యూనిఫాంలో వచ్చారు. గడ్డం గీసుకున్నారు.

"నడిపి సూసినావా?"

"సూసినాను."

"పడిందా?"

"నేదు. దాటింది."

"ఒక్కసారీ పడనేదా?"

"ఒక్కసారీ నేదు గార్డుబాబూ."

వివరణ చెప్పమంటే చెప్పేవాడినే. ఆయన అడగలేదు. పెట్టె నీ దగ్గరే ఉండనీ అన్నారు. రిజిస్టర్ ముందుకు లాక్కుని, పాత రాత వెతికి, దాని కింద రాశారు: '16.10. టీవీ గేమ్. ఆపేటప్పుడు ఇద్దరు ఉండవలెను. కొనవచ్చు.'

ఆ మాట చదివి కొత్తవాళ్ళు అర్థమేమిటని అడిగేవారు. అడాప్టర్ వేడెక్కుతుందని చెప్పేవాడిని.

ఆ తర్వాత నాకు ఒక అలవాటైంది. ఎవరింటికైనా రిపేరుకు వెళ్ళి, నడుస్తున్నదాన్ని ఆపవలసి వస్తే, "ఆపనా?" అని ఇంటివాళ్ళను అడుగుతాను. ఫ్యాను ఆపడానికి కూడా అడుగుతాడేమిటని వింతగా చూస్తారు.

మూడేళ్ళ కిందట ఆసుపత్రిలో నా భార్య మంచం పక్కన ఒక మెషిన్ ఉండేది. నేను మందులకు కిందికి వెళ్ళి వచ్చేసరికి నర్సులు దాన్ని ఆపి, వైరు చుట్టి పైన పెట్టారు. వాళ్ళ తప్పు లేదు, ఆవిడ అప్పటికే పోయింది, ఇక దానితో పని లేదు. నన్ను అడిగి ఉంటే ఎప్పుడు చెయ్యి దించేవాడినో నాకు తెలియదు. గదిలో మాత్రం ఉండేవాడిని.