బావ చూడని పక్క

మొన్న చలికాలంలో ఒక ఆదివారం, కరీంనగర్ నుంచి బస్సెక్కి మందమర్రిలోని మా అక్క ఇంటికి నేను చేరేసరికి, ముప్పై ఏళ్ళు దాటిన ఆమె కొడుకు ముందు గదిలో చాప పరుచుకొని, గోడకు బిగించిన పెద్ద టీవీ కింద కొత్తగా కొన్న వీడియో గేము పెట్టెకు పాతకాలపు రిమోట్లు రెండు కలపాలని కుస్తీ పడుతున్నాడు. సజ్జ మీది రేకు పెట్టె దులుపుతుంటే దొరికాయట. మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అరచేతికి సరిపోయే పలక, ఎడమ బొటనవేలి కింద కూడిక గుర్తు లాంటి నల్ల మీట, కుడివైపు రెండు ఎర్ర గుండీలు. ఆటలున్న డబ్బీలను క్యాసెట్లనీ, వీటిని రిమోట్లనీ అనేవాళ్ళం.

కొత్త పెట్టెకు ఆ పాత ప్లగ్గు పట్టే మూతి లేదు కాబట్టి, రెంటికీ నడుమ పెట్టే అగ్గిపెట్టె అంత అడాప్టరు ఒకటి తెప్పించాడు. రిమోట్ల వెనుక మరలు విప్పి, లోపలి తుప్పును స్పిరిటుతో తుడిచి, గుండీల కింది రబ్బరు మీద నలుపు అరిగిపోతే పెన్సిలు ముల్లు రుద్ది మళ్ళీ ప్రాణం పోశాడు. అంతా చేసినా మొదట కాల్చమంటే ఆట ఆగిపోయేది, ఆపమంటే కాల్చేది. ఏ గుండీ ఏ పని చేయాలో తెర మీద ఒక్కొక్కటే దానికి నేర్పవలసి వచ్చింది. కొత్త రిమోటుకైతే వైరే లేదు, సోఫాలో జారగిలబడి ఆడుకోవచ్చు. పాతవాటి వైరు నాలుగు మూరలు కూడా లేదు, టీవీకి దగ్గరగా జరిగి, మెడ ఎత్తి చూడవలసిందే.

నన్ను కూడా చాప మీద కూర్చోబెట్టాడు. మేము అప్పుడు ఆడిన ట్యాంకుల ఆటనే ఈ కొత్త పెట్టెలోకి దించాడు. కింద నడుమ ఒక కోట, దాన్ని కాపాడే మన బండ్లు రెండు, పైమూలల నుంచి దిగి వచ్చే శత్రువుల బండ్లు. ఎడమ పక్క అతనిది, కుడి పక్క నాది. రెండాటలు నవ్వుతూ గడిచాయి. మూడో ఆటలో ఎడమ అంచు వెంబడి ఒక ట్యాంకు ఏ తొందరా లేకుండా దిగడం మొదలుపెట్టింది. అతను చూసుకుంటాడులే అనుకున్నాను. అది సగం దూరం వచ్చింది, కోట పక్కకు వచ్చింది, మూతి తిప్పింది, కాల్చింది. అప్పటిదాకా అతను కదలనే లేదు.

“గిదెప్పుడచ్చింది చిన్నమ్మా?” అని నవ్వాడు.

చాలా ఏళ్ళ కింద, ఇదే ఊళ్ళో, ఇదే రిమోటు పట్టుకొని, ఇదే ఆటలో, వాళ్ళ నాన్న కూడా సరిగ్గా ఇట్లాగే అడిగి ఇట్లాగే నవ్వాడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. హుజూరాబాద్ దగ్గర మా ఊళ్ళో ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. అక్కకు తొలిచూలు ఏడో నెల పడింది. మా అవ్వ, అంటే అమ్మ, నడుము పట్టేసి మంచం మీద ఉండడంతో కాన్పు మందమర్రిలోనే అనుకొని, తోడుగా నన్ను పంపించారు. బావ బొగ్గు బాయిలో పనిచేసేవాడు. గనిని అక్కడ బాయి అంటారు. భూమి లోపల పట్టాల మీద టబ్బులనే ఇనుప బొగ్గు బండ్లను తాడుతో లాగే చోట ఆయన పని. పొద్దుటి షిఫ్టు దిగి నాలుగింటికి క్వార్టరుకు వచ్చి, ఎంత సబ్బు రుద్దినా కళ్ళ చుట్టూ కాటుకలా మిగిలిపోయే నలుపుతో, చాయ గ్లాసు పట్టుకొని టీవీ ముందు కూర్చునేవాడు. దుబాయిలో ఉన్న వాళ్ళ అన్న సెలవు మీద వస్తూ ఆ టీవీ గేము తెచ్చిపెట్టాడు. ఆయనా నేనూ ఆడుతుంటే అక్క వెనుక గోడకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని, ఆయన వల్ల కోట పోయినప్పుడల్లా నాతో కలిసి నవ్వేది. మా ఇంట్లో మగవాళ్ళు ఆడవాళ్ళతో కూర్చొని ఆటలాడడం నేను అంతకుముందు ఎరగను. అందుకే ఆ సాయంత్రాలు నాకు అంత ఇష్టం.

ఆయన ఎప్పుడూ తాను కాపాడే ఎడమ అంచున వచ్చేవాటి చేతిలోనే ఓడిపోయేవాడు. మొదట నన్ను నవ్వించడానికి కావాలనే అట్లా ఆడుతున్నాడనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటే కనబడసాగాయి. పక్కనే పెట్టిన నీళ్ళ చెంబును చూడక రోజూ తన్నేవాడు. పొద్దు గూకే వేళ ఇంట్లోకి వస్తూ తలుపు చెక్కకు భుజం కొట్టుకునేవాడు. కరెంటు పోతే చాలు, దీపం వచ్చేదాకా ఉన్నచోటనే, ఊపిరి బిగబట్టినట్టు కూర్చుండిపోయేవాడు. అక్క ఏమో రేచీకటి అనుకొని మునగాకు కూర వండి పెట్టేది.

ఒకరోజు అక్క బయట నీళ్ళు పడుతుండగా, ఆట నడుమ నేను ఆయన ఎడమ చెవికి జానెడు ముందు రెండు వేళ్ళు ఎత్తి పట్టాను.

“బావా, ఇవెన్ని?”

“ఏవి?” అన్నాడు, టీవీ వైపే చూస్తూ.

కుడి పక్కన కూడా అంతే. ముందున్నది మాత్రం సూదిలో దారం ఎక్కించేంత స్పష్టంగా కనిపించేది, చుట్టూ ఉన్న లోకమే మాయమైపోయింది. నేను ఎందుకు అడిగానో అర్థమయ్యాక ఆయన రిమోటు కింద పెట్టి, వాకిలి వైపు ఒకసారి చూసి, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

“అక్కకు చెప్పకు మరదలా. బయటవడితే అన్‌ఫిట్ అని ఇంట్ల కూసోబెడుతరు. బాయోల్ల కండ్ల పరీచ్చల ఎదురుంగ వెట్టిన అచ్చరాలన్ని సదువుత, ఎవ్వలకు ఎరుక కాలే. జర కాన్పు కానీ, నేనే వోయి సూపించుకుంట.”

ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. ఇంటి మనిషి రహస్యం దాచడమంటే పెద్దదాన్నయినట్టు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం వారం కూడా నిలవలేదు. పొద్దున ఆయన సైకిలెక్కి వీధి మలుపు తిరుగుతుంటే ఎదురుగా వచ్చే ప్రతి మనిషీ, ప్రతి బర్రె ఆయనకు కనబడుతున్నాయో లేదోనని చూస్తూ నిలబడేదాన్ని. ఎండలోనే అట్లా ఉన్నవాడు, టోపీకి కట్టుకున్న ఒక్క దీపం వెలుగులో, నాలుగు పక్కలా టబ్బులు నడిచే చోట ఎట్లా మసలుతున్నాడోనని రోజంతా అదే తలపు. సాయంత్రం సైకిలు గంట వినబడితేనే కూర్చునేదాన్ని. అక్క మాత్రం కడుపులో బిడ్డ తంతున్నాడని మురిసిపోతూ ఉండేది.

కొడుకు పుట్టాడు. పురుడు అయినంక పోతానన్నాడు. బిడ్డను తొట్టెలలో వేసే వేడుక అయినంక పోతానన్నాడు. నెల దాటింది. బాబుకు దగ్గు పట్టుకున్న రోజు పొద్దున, సెలవు పెట్టి దవాఖానకు తీసుకపొమ్మని అక్క అడిగింది. సెలవు దొరకదని ఆయన అన్నాడు. రాత్రంతా నిద్ర లేని అక్క, బిడ్డను భుజాన వేసుకొని వాకిట్లో నిలబడి ఆయన వీపు మీద విసురుగా ఒక మాట అన్నది.

“పో, గా బాయిలనే వడుండు.”

ఆయన తిరిగి చూసి నవ్వి సైకిలెక్కాడు.

పదకొండు గంటలప్పుడు బాయి నుంచి జీపు వచ్చింది. ఆ వేళ జీపు క్వార్టర్ల వీధిలోకి రావడమంటే ఏమిటో అక్కడి ఆడవాళ్ళందరికీ తెలుసు. తలుపు తలుపు దగ్గరా ఒక్కొక్కరు వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అది ఎవరి ఇంటి ముందు ఆగుతుందోనని చూశారు. అది ఒక్కొక్క ఇల్లే దాటుకుంటూ వచ్చింది. దాటిన ఇంటి మనిషి చూపులు మాత్రం మా మీదికి తిరిగాయి. చివరికి మా వాకిట్లో ఆగింది.

ఎడమ పక్క నుంచి టబ్బులు వస్తుంటే ఆయన పట్టాల మీద కాలు పెట్టాడట. ఎదురుగా ఉన్నవాడు కేక వేస్తే ఆ కేక వేసిన మనిషినే చూశాడు తప్ప పక్కకు తిరగలేదట. ధ్యాస ఎక్కడనో పెట్టుకొని నడిచిండు అన్నారు అందరూ. అక్క ఆ మాట పట్టుకున్నది. నేనన్న మాట మనసుల వెట్టుకొని పోయిండు, నా నోరే నా మొగుణ్ణి మింగింది అని నేలకు తల కొట్టుకుంటుంటే, పసివాణ్ణి ఎత్తుకొని నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నీ మాట వల్ల కాదక్కా, ఆయనకు పక్కలు కనబడవు అని ఒక్క మాట చాలు. ఆ మాట అంటే, నీకు తెలిసీ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. నేను అనలేదు.

ఆ రోజు అననిది పదో రోజున కూడా అనలేకపోయాను. ఏడాది మాసికానికి అందామనుకున్నాను. ఆ తర్వాత నాకు పెళ్ళయింది, బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు, ఆ మాట లోపలనే ఉండిపోయింది. అక్కకు ఆయన బదులు పని ఇచ్చారు. కొడుకును ఒంటిచేత్తో పెంచింది. కానీ ఆ రోజు నుంచి ఆమె ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు. కొడుకు పనికి బయలుదేరేటప్పుడైతే అసలు నోరే తెరవదు, పెదవులు బిగించుకొని గేటు దగ్గర నిలబడుతుంది, అంతే. కోడలు ఇదేం వింత అలవాటని నన్నొకసారి అడిగింది. నాకు తెలియదన్నాను.

ఆ కొడుకే ఇప్పుడు నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. ఇల్లంత ఎత్తు బండి, దాని పక్కన మనిషి చీమంత.

ఆ ఆదివారం పొద్దున చాప మీద, అతని ఎడమ చెవి పక్కన నేను వేళ్ళు ఎత్తాను. అతను చూడలేదు. మూడుసార్లు ఆడించాను, చూడలేదు. అప్పుడు భుజం తట్టి, వాళ్ళ నాన్న సంగతంతా చెప్పాను. అతను రిమోటు కింద పెట్టి, మసక పడేసరికి దారి అంచులు కనబడడం లేదని, ఈ ఏడాదిలో రెండుసార్లు బండి అద్దం గీసుకుపోయిందని ఒప్పుకున్నాడు. ఇంకెవరికీ చెప్పలేదట. ఆ తర్వాత అతనన్న మాట నేను ఒకసారి విన్నదే.

“అమ్మకు చెప్పకు చిన్నమ్మా. నేనే మెల్లగ సూపించుకుంట.”

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. అక్క చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. పక్కన కూర్చొని మొదటి నుంచీ చెప్పాను, వేళ్ళు ఎత్తి చూపిన సంగతి, మాటిచ్చిన సంగతి, ఇప్పుడు ముందు గదిలో చూసిన సంగతి. ఆమె ఏడవలేదు. చేతిలోని కాయ పూర్తిగా ఒలిచి గిన్నెలో వేసింది.

“గా పొద్దు నేనన్న మాట నువ్వు ఇన్నవు గదా?”

“విన్న.”

“గదే మాట తలుసుకుంట ఇన్నేండ్లు నేను ఏడుసుడు సూసినవు గదా?”

“చూసిన అక్కా.”

“మరి?” అన్నది.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని, ముందు గదిలోకి పోయి కొడుకు పక్కన కూర్చున్నది. అన్నం తిని పొమ్మని ఆ రోజు నాతో అనలేదు.

మరునాడే అక్క అతన్ని వెంటబెట్టుకొని కరీంనగర్‌లో కంటి డాక్టరుకు చూపించింది, ఆయన హైదరాబాదు పంపాడు. కంటి వెనుక పొర అంచుల నుంచి ఎండిపోతూ వచ్చే జబ్బని, తండ్రి నుంచి వచ్చి ఉంటుందని, అతనికి ఉన్న దశలో దాన్ని ఆపే మందు లేదని చెప్పారట. చూపు ఎంత మిగిలిందో కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు. చుట్టూ నలుపు, నడుమ తెల్లగా ఒక మరక. అతను తనంతట తానే ఆ కాగితం పై అధికారికి చూపిస్తే డంపరు దింపి, పగటి వేళ స్టోర్సులో కూర్చునే పని ఇచ్చారు. అతనికి ఎనిమిదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల కళ్ళు ఏడాదికోసారి చూపిస్తూ ఉండమన్నారు. ఇప్పటికి బాగానే ఉన్నాయట. ఇప్పటికి.

మేము ఉన్న ఆ వరుస క్వార్టర్లు కూలగొట్టారు, బావ దిగిన బాయి మూసేశారు. ఇప్పుడెవరూ జీపు కోసం వాకిళ్ళలో నిలబడరు, చెడ్డ కబురు జేబులోనే మోగుతుంది. నాకవేవీ అంత బాధ అనిపించవు. చిన్నప్పుడు మా అక్క నేను ఏం చెప్పినా నమ్మేది, బాపు కొట్టబోతే నా చెల్లె అబద్ధమాడదని అడ్డం నిలబడేది. ఇప్పుడు వారానికోసారి ఫోను చేసి, కొడుకు సంగతీ మనవరాలి సంగతీ చెప్పి, చివర ఎప్పుడూ ఒక్కటే అడుగుతుంది.

“ఇంకేమన్న దాసినవా?”

లేదక్కా అంటాను. నిజంగానే లేదు. ఆమె వెంటనే ఫోను పెట్టేయదు, ఆ మాట నిజమో కాదో పసిగట్టాలన్నట్టు కాసేపు వింటూ ఉంటుంది.