నా దవడ కోసం చేసిన ప్రార్థన

నా దవడ విరిగిందని, పాస్టర్ గారు ప్రార్థన చేస్తే అతుక్కుందని చోడవరం అంతా చెప్పుకుంటన్నారంట కదా! ఆ అద్భుతం ఏటో నా నోటే వినండి. టీ తాగుతా వినండి. నాకు మాత్రం పంచదార లేకుండా పొయ్యండి.

శ్రమల దినాలు మొదలయ్యేయి కదా. లెంట్ అన్నాక, ఈస్టర్ ముందు నలభై రోజులూ ఏదో ఒకటి మానాలి. చర్చిలో అందరి ముందూ లేచి, "ఈస్టర్ దాకా తీపి ముట్టను" అని ఒట్టేసీసేను. మా ఆయన కిసుక్కున నవ్వేడు. మా అత్తగారైతే, "ఊరంతా బెల్లం వండే సీజన్లో ఇది తీపి మానతాదంట! సూద్దాం" అంది. అంతే, నాకు పంతం వచ్చీసింది. చచ్చినా ముట్టకూడదు!

దానికి తోడు పాస్టర్ గారు ఇంకో పని పెట్టేరు. రోజూ సాయంత్రం ఒకళ్ళింట్లో ప్రార్థన కూటం. ఆ రోజు దేవుని ప్రేమ ఎక్కడ కనపడిందో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. ఒకావిడ, ప్రార్థన చెయ్యగానే కరెంటొచ్చిందంటాది. ఇంకొకావిడ, బస్సులో సీటు దొరికిందంటాది. నా వంతొస్తే, "నాకేటీ కనపళ్ళేదండీ. లేనిది ఉన్నట్టు చెప్పలేను" అని కూకుండిపోయేదాన్ని. తప్పేటి? దేవుడికి నా అబద్ధాలతో పనేటి?

మొన్న శుక్రవారం బుచ్చయ్యపేట నుంచి, అదే, నేను పాఠాలు చెప్పే స్కూలు నుంచి స్కూటీ మీద వస్తన్నాను. పొద్దున్నుంచీ ఉపవాసం. ముందు గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టరు. ఎంత హారన్ కొట్టినా దారివ్వడే! "నాకే దారివ్వవా?" అని పక్కనుంచి దూరేను. వేలాడుతున్న చెరకుగడ ఒకటి హెల్మెట్‌కి టపీమని తగిలింది. నేనూ స్కూటీ కలిసి పొలం కాలవలోకి!

పక్కనే బెల్లం వండే పాక. పొయ్యిలో చెరకు పిప్పి వేస్తున్న ముసలావిడ పరిగెత్తుకొచ్చింది. పేరు పైడమ్మంట. "ఓలమ్మో! దెబ్బ తగిలిందేటే గుంటా? లెగు, లెగు" అని లాగి కూకోబెట్టి హెల్మెట్ తీసింది. ఈ వయసులో నన్ను చిన్నపిల్లలా గుంట అన్నది ఆవిడొక్కతే! నా కాళ్ళ బురద తన చేతుల్తో కడిగింది. ఎవర్తివి, ఏ ఊరు అని కూడా అడగలేదు. అరిటాకు ముక్కలో గోరువెచ్చని బెల్లం ముద్ద పెట్టి, "తినీ, కళ్ళు తిరగవు" అంది. ఒట్టూ లేదు, గట్టూ లేదు. ముద్ద మొత్తం నోట్లో పెట్టీసుకున్నాను.

సరిగ్గా అప్పుడే పాస్టర్ గారి బండి ఆగింది. "ఏటయిందమ్మా?"

పాకం బెల్లం కదా, పై పళ్ళూ కింది పళ్ళూ అతుక్కుపోయేయి. "ఊఁ... ఊఁ..." అన్నాను.

"అయ్యో, దవడ విరిగిపోయింది!" అని రోడ్డు పక్కనే నా తల మీద చెయ్యేసి మొదలెట్టేరు. "ప్రభువా, ఈ సహోదరి నోరు తెరువు తండ్రీ!" ఆయన ప్రార్థన ఎంత పొడుగో మీకు తెలుసు. అయ్యేసరికి బెల్లం కరిగిపోయింది. అలవాటు కొద్దీ "ఆమెన్" అనీసేను.

"స్తోత్రం! నోరు తెరుచుకుంది!" ఆయన కళ్ళమ్మట నీళ్ళు. నేను అసలు సంగతి చెప్పేలోగా బండెక్కి వెళ్ళిపోయేరు.

ఆ సాయంత్రం కూటం మా ఇంట్లోనే. వచ్చినవాళ్ళందరూ నా దవడకేసే చూస్తన్నారు. మా అత్తగారు నాకు కుర్చీ వేసింది! పెళ్ళయిన ఇన్నేళ్ళకి! నోరు మూసుకుంటే ఒట్టు నిలబడతాది, పైగా పేరొస్తాది. మరి అబద్ధం చెప్పనని ఇన్నాళ్ళూ ఎగిరిందాన్నే నేను!

లేచి నిలబడ్డాను. "దవడకేటీ అవలేదు. అది బెల్లం. అవును, ఒట్టు తప్పేను. కానీ ముక్కూమొహం తెలీని నా కాళ్ళు కడిగి, నా ఆకలి చూసిందే ఆ పైడమ్మ, దేవుని ప్రేమ నాకు అక్కడ కనపడింది. ఏడుపొచ్చింది కూడా. రేపట్నుంచి మళ్ళీ మానతాను. ఎవరేటనుకున్నా నాకు ఖాతరు లేదు!"

పాస్టర్ గారే ముందు నవ్వేరు. నేను అక్కడితో కూకుంటే బాగుణ్ణు. ఊపులో ఆ కరెంటు సాక్ష్యాన్నీ, బస్సు సీటు సాక్ష్యాన్నీ, చెరకు ట్రాక్టర్లనీ కూడా దులపడం మొదలెట్టేను.

చివరికి మా ఆయన లేచి చేతులు జోడించేడు. "అయ్యగారూ, మా ఆవిడ నోరు తెరవమని ప్రార్థన చేసేరు, సంతోషం. ఇప్పుడు మూయమని కూడా ఒకటి చేసీండి."

అందరికన్నా గట్టిగా "ఆమెన్" అన్నది మా అత్తగారు!